బొటనవేలు

ఆదెన్న నేసిన తొమ్మిది చీరలు దండెం మీద అలాగే ఉన్నాయి.

"అమావాస్య దాకా చూస్తా. అమ్ముడుపోతే సరి. లేదంటే మగ్గం విప్పేసి బేతంచెర్లలో బండల పాలిషు పనికి పోతా" అన్నాడు.

కూతురు శివపార్వతి, కోడలు ప్రమీలారాణి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ సాయంత్రమే పార్వతి ఫేస్‌బుక్‌లో ఊరి పేరుతో సహా 'చీరల పార్వతి' అని పేజీ తెరిచింది. ప్రమీల వాట్సాప్‌లో గ్రూపు పెట్టింది. రోజుకొక చీర ఫొటో రెండింట్లోనూ పెట్టసాగారు.

"నా పేజీని మున్నూరు మంది చూస్తాండారు వదినా."

"సంతలో ఎద్దును గూడా శానామంది చూస్తారు. కొనేదెవరు? నా గ్రూపులో నలభై మందే, అయితే ఒకరిద్దరు తప్ప అందరూ మనోళ్లు."

"మనోళ్ల ఇండ్లలో అన్నీ మగ్గాలే కదా. వాళ్లకేమన్నా చీరలు కరువా?"

కొంటామని ఎవరూ రాలేదు.

ఒకరు మాత్రం ఒక్క రోజూ వదలకుండా వచ్చేవారు. ముఖం లేదు. ఫొటో చోట కనకాంబరాల మాల. ఏ చీర పెట్టినా దాని కింద ఒక బొటనవేలు. అంతే. ధర అడగరు, మాట రాయరు. పేజీలోనూ అదే వేలు, గ్రూపులోనూ అదే వేలు.

తొమ్మిదో చీరకూ వేలు పడింది.

"నీ మున్నూరు మందిలో ఈ వేలిముద్ర ఒకటే మిగిలిందా?" అని నవ్వింది వదిన.

"నీ దాంట్లో గూడా ఉండాది గదా."

"ఉండనిస్తానా?"

అప్పటికప్పుడే ఆ వేలి మనిషిని గ్రూపు నుంచి తీసేసింది. వదిన కంటే వెనకబడినట్టు ఉంటుందని పార్వతి కూడా బ్లాక్ చేసింది.

తర్వాత అవే ఫొటోలు మళ్లీ మళ్లీ పెట్టారు. ఎవరూ పలకలేదు.

అమావాస్య దాటింది. ఆదెన్న చీరలు మూటగట్టి సంతలో నూలు ధరకే ఇచ్చేశాడు. మగ్గం విప్పి, దాని కింది గుంత పూడ్చి, పొద్దున బస్సుకు బేతంచెర్ల వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం రెండు ఖాళీ సంచులతో ఒక అవ్వ గుమ్మంలో నిలబడింది.

"ఇది చీరల పార్వతి ఇల్లేనా?"

"అవునవ్వా. మా ఇల్లు నీకెట్ల తెలిసింది?"

"బస్టాండు కాడ ఈ ఫోన్లో చీర చూపిచ్చినా. అంచు చూస్తానే మీ ఇల్లు చెప్పినారు." ఎండన పడి వచ్చిన అవ్వ, పూడ్చిన గుంత మీదే చతికిలబడింది. "మా మనవరాలు నన్ను మీ పేజీలో, గ్రూపులో రెండు తావులా చేర్చి పోయింది. ఐదు దినాలుగా బొమ్మలు రావడం ల్యా. ఎవరికన్నా ఒంట్లో బాగలేదేమో అని నేనే వచ్చినా."

ఫోను చేతికిచ్చింది. పైన కనకాంబరాల మాల.

పార్వతి వదిన వైపు చూసింది. వదిన నీళ్లు తేవడానికి లేచి, చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"నా తొమ్మిది చీరలు యాడమ్మా?"

"నీ చీరలేందవ్వా? నువ్వు ఒక్కటి గూడా అడగలేదే" అంది పార్వతి.

"అడగకపోతే? తొమ్మిదింటికీ ఒప్పుకున్నా గదా."

"ఎప్పుడు? ఒక్క మాటన్నా రాయలేదు గదవ్వా."

అవ్వ బొటనవేలు పైకెత్తి చూపింది. దాని కొసన పాత సిరా మరక ఇంకా నల్లగా ఉంది.

"నాకు రాసేది రాదు తల్లీ, నలభై ఏండ్లుగా మంత్రాలయంలో మా చీరలంగడికి సరుకు ఒప్పుకునేది ఈ వేలితోనే."