గుమ్మం మీది డబ్బా

తొమ్మిదింపావుకు తలుపు తట్టిన మనిషి మీద టైలరు నాలుగు రోజుల కోపాన్నీ ఒక్కసారే కుమ్మరించాడు.

"వచ్చావా నాయనా! ఇంకో గంటాగి వస్తే పరీక్ష పోయేది, పీడా పోయేది."

టైలరు కోపంలో న్యాయం లేకపోలేదు. ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోయి నాలుగు రోజులు. ఇంట్లో ఉన్న ఒక్క బటన్ల ఫోన్నుంచి కంపెనీకి చేస్తే "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని చిలకపలుకు, ఆ వెంట అరగంట సంగీతం. సాయంత్రం కాగానే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజి. ఎవడు పరిష్కరించాడో, ఎప్పుడు పరిష్కరించాడో ఆ పైవాడికే తెలియాలి.

పదింటికి కూతురి పరీక్ష. ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగానికి. ఇంట్లోనే కంప్యూటరు ముందు మూడు గంటలు రాయాలి. మధ్యలో లైను పోతే అంతే సంగతులు, మళ్లీ రాయనివ్వరు. రెండేళ్ల చదువు ఆ పిల్లది.

"నిన్నెందుకు రాలేదు?"

"ఈ పని నాకు ఇవాళే ఇచ్చారండీ..."

"చాల్లే. అందరూ ఒకే తానులో ముక్కలే మీరు."

వచ్చినవాడు గడ్డం నెరిసిన మనిషి. కంపెనీ చొక్కాకి భుజం దగ్గర కుట్టు విడిపోయింది. టైలరు కన్ను దాని మీద పడింది గానీ, నోరు మాత్రం ఆగలేదు.

అతను స్టూలెక్కి గుమ్మం మీది రేకు డబ్బా తెరిచాడు. తీగలు అటూ ఇటూ మార్చి చూశాడు. దిగి, వీధి చివరిదాకా పోయి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పటికి పదింటికి పది నిమిషాలు తక్కువ.

లోపల కూతురు గోడకానుకుని గోళ్లు కొరుక్కుంటోంది. అతను ఆమె వైపు కాసేపు చూశాడు.

"మీ వైఫై పేరూ, పాస్‌వర్డూ చెప్తావా అమ్మా?"

"అదెందుకు నీకు? వీధంతా పంచిపెట్టడానికా?" అన్నాడు టైలరు.

"నాన్నా, నువ్వూరుకో!" అని కూతురు చెప్పేసింది.

అతను మళ్లీ స్టూలెక్కాడు. డబ్బాలో చేతులు దూర్చి ఏదో చేశాడు.

"వచ్చింది నాన్నా!" లోపల్నుంచి కేక.

"పరీక్షయ్యేదాకా ఈ డబ్బా జోలికి పోకండి," అన్నాడతను దిగుతూ. "సాయంత్రం ఒక్కసారి వచ్చి..."

"ఎందుకూ? ఐదు నిమిషాల పనికి నాలుగు రోజులు ఏడిపించారు. మళ్లీ నా గడప తొక్కావంటే మర్యాద దక్కదు!"

అతను ఏదో చెప్పబోయాడు. అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చోవడం చూసి, మాట మింగేసి వెళ్లిపోయాడు.

చప్పుడవుతుందని టైలరు ఆ రోజు మిషను తొక్కలేదు. చేత్తో గుండీలు కుట్టుకుంటూ కూర్చున్నాడు. పదకొండింటికి డబ్బాలో ఏదో గుర్రుమంది. ఆగింది. మళ్లీ గుర్రుమంది.

"డొక్కు సామాను బిగించి పోయాడు," అని పళ్లు కొరికాడు.

సరిగ్గా అప్పుడే కంపెనీ మెసేజి వచ్చింది. మా మనిషి పనికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?

ఒకటి నొక్కాడు. సున్నా లేదు కాబట్టి. కింద "పని రాదు, పొగరు మాత్రం ఉంది" అని కూడా రాశాడు. ఆ పొగరు ఎవరిదో మనకి తెలుసు.

ఒంటిగంటకు కూతురు పరుగెత్తుకొచ్చి మెడ వాటేసుకుంది. "బాగా రాశాను నాన్నా! ఒక్కసారి కూడా ఆగలేదు."

ఆ సంబరంలో ఉండగానే ఫోన్. కంపెనీ నుంచి, తియ్యని గొంతు.

"మీ అభిప్రాయం అందింది సార్. అతన్ని పనిలోంచి తీసేశాం."

టైలరు గతుక్కుమన్నాడు. "తీసెయ్యమన్లేదమ్మా నేను! ఏదో కోపంలో..."

"ఒంటి నక్షత్రాలు మూడైతే సిస్టమే తీసేస్తుంది సార్. మీది మూడోది. పైగా పొద్దుట్నుంచి ఫోనెత్తడం లేదు. మీ లైను రేపు తప్పకుండా బాగుచేయిస్తాం."

"బాగానే ఉందిగా! మా అమ్మాయి ఇప్పుడే పరీక్ష రాసింది."

"లేదు సార్. వీధి చివర తవ్వకాల్లో కేబుల్ తెగింది. నాలుగు రోజులుగా మీ ఇంటికి లైనే లేదు."

టైలరుకి ఏమీ బోధపడలేదు. పొద్దున కంపెనీ పంపిన మెసేజిలో ఆ మనిషి నంబరుంది. దానికి ఫోన్ చేశాడు.

గుమ్మం మీద డబ్బా గుర్రుమంది.

స్టూలెక్కి తెరిచాడు. లోపల అద్దం పగిలిన పాత ఫోనొకటి, ఛార్జరుకి తగిలించి ఉంది.

కూతురు తీసుకుని చూసింది. "నాన్నా, మనకి ఇంతసేపూ నెట్ వచ్చింది దీన్లోంచే. మన వైఫై పేరే పెట్టి వెళ్లాడు."

తెర మీద ఆఫీసు నుంచి పదకొండు కాల్స్. వాటి పైన ఒక మెసేజి: 'నేటి నుండి మీ సేవలు అవసరం లేదు.'

టైలరుకి తల కొట్టేసినట్టయింది. గుడ్డ కురచైతే కుట్టినవాణ్ణి తిట్టకండయ్యా అని వారానికోసారైనా ఎవరికో ఒకరికి చెప్పే మనిషి. అలా స్టూలు మీదే కూలబడ్డాడు. కూతురు అన్నానికి పిలిచినా లేవలేదు.

సాయంత్రం అతను వచ్చాడు. భుజం దగ్గర చొక్కా ఇంకాస్త చిరిగింది.

"లోపలికి రా అన్నా," అన్నాడు టైలరు.

"పర్లేదండీ." అతను గడప అవతలే ఆగాడు. "అమ్మాయి బాగా రాసిందా?"

టైలరు తలూపాడు.

"హమ్మయ్య!" అతను నవ్వి, చెయ్యి చాచాడు. "అయితే ఆ ఫోనిలా ఇవ్వండి. పాపం ఆఫీసువాళ్లు పొద్దుట్నుంచీ నా కోసం చూస్తుంటారు, రేపటి పనెక్కడో కనుక్కోవాలి."

టైలరుకి చెయ్యి లేవలేదు.