మధ్యలో చేర్చిన పేరు

“మా మామగారు ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతుంటే, ఐసీయూలో ఉన్నారని మెసేజ్ పంపుతారా? బుర్ర ఉందా మీకు?”

ఫోన్ స్పీకర్‌లో ఆ కేకలు వినగానే ప్రోగ్రామర్ కీబోర్డు మీంచి తలెత్తింది. ఆసుపత్రి తరఫున రోగుల ఇళ్ళకు మెసేజ్‌లు పంపే ప్రోగ్రామ్ రాసింది ఆమే.

“నిన్న ఏం మార్చావమ్మా?” ఫోన్ పెట్టేస్తూ అడిగాడు టీమ్ లీడ్.

“రోగి పరిస్థితుల జాబితాలో ఒక్క పేరు చేర్చాను సార్. ‘పరిశీలన’ అని.”

“ఎక్కడ?”

“‘చేరిక’ తర్వాత. వరసలో చక్కగా ఉంటుందని...”

లీడ్ తల పట్టుకున్నాడు. “చివర్లో పెట్టాలి కదా తల్లీ! ఆసుపత్రి మనకి పేర్లు పంపదు, అంకెలు పంపుతుంది. చేరిక ఒకటి, వార్డు రెండు, ఐసీయూ మూడు, డిశ్చార్జ్ నాలుగు, మరణం ఐదు. నువ్వు మధ్యలో ఒకటి దూర్చేసరికి మన దగ్గర దాని తర్వాతవన్నీ ఒక్కో అంకె కిందికి జరిగాయి. వాళ్ళు డిశ్చార్జ్ అని నాలుగు పంపితే, మనం ఐసీయూ అంటున్నాం.”

ఉద్యోగం పోతుందేమోనన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు. నాన్నకు పొద్దున గుండె ఆపరేషన్ జరిగింది, ఆ ఆసుపత్రిలోనే. సాయంత్రం దాకా ఎవరినీ లోపలికి రానివ్వరు. ఇంట్లో ఉన్న అమ్మ ఫోనుకు వచ్చే మెసేజే దిక్కు. గంట కిందట ‘వార్డుకు మార్చారటే’ అని అమ్మ చెబితే ప్రాణం లేచొచ్చింది.

వార్డు కాదు. ఆసుపత్రి పంపింది మూడు. నాన్న ఐసీయూలోనే ఉన్నాడు.

“సార్... మరి ఎవరైనా పోతే?”

లీడ్ గొంతు తగ్గించాడు. “డిశ్చార్జ్ అని వెళ్తుంది. నయం, ఇంతవరకు ఒక్క ఐదు కూడా రాలేదు. ముందు ఆ పేరు తీసి చివర పెట్టు.”

తొందరలో రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారికి కుదిరింది. సవరించిన ప్రోగ్రామ్ సర్వర్‌కు ఎక్కుతోంది. ఎనభై శాతం. తొంభై. పూర్తయ్యేదాకా పాతదే నడుస్తుంది.

బల్ల మీద ఫోన్ మోగింది. అమ్మ. ఎత్తాలంటే భయం వేసింది, ఎత్తకపోతే ఇంకా భయం.

“చెప్పమ్మా,” అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.

అమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. “ఇప్పుడే మెసేజ్ వచ్చిందే! మీ నాన్నని డిశ్చార్జ్ చేసేశారట!”