మూడో తరగతిలో చప్పట్లు

“ఇందాక మూడో తరగతిలో చప్పట్లు కొట్టించింది మీరేనా?”

వేరే ఊరి బడి నుంచి వచ్చి ఆ ఉదయమే చేరిన హెడ్మాస్టర్ గొంతులో వెటకారం ఉంది.

“నేనే సార్. వాడు ఒక వాక్యం చదివాడు,” అంది టీచర్.

“ఆటలో మెట్ల మీద నుంచి ఒక పిల్లను తోసినవాడేగా? ఆ పిల్ల పోయిందటగా? వాడి తండ్రి ఇప్పుడే చెప్పాడు.”

“అవును సార్. అప్పటినుంచి వాడు బడిలో నోరు విప్పలేదు. ఇవాళే విప్పాడు. రెండు మాటలు తప్పు చదివాడు, వాటి జోలికి పోలేదు. వచ్చినదానికి చప్పట్లు కొట్టించాను.”

“ప్రాణం తీసినవాడికి చప్పట్లా! రేపు మెడలో దండ కూడా వేస్తారేమో.”

“పేజీ మొత్తం చదివితే వేస్తాను సార్.”

గది మూలన నిలబడిన పిల్లవాడి తండ్రి ముందుకొచ్చాడు. వడ్రంగి. తనే చిత్రిక పట్టి తెచ్చిన సన్నటి కర్రను ఆమె వైపు చాచాడు. మొహంలోకి మాత్రం చూడలేదు.

“కొట్టండమ్మా. ఇంట్లో నేను కొడుతూనే ఉన్నాను. కానీ మీరు కొట్టాలి. అప్పుడే వాడికీ నాకూ నిద్ర పడుతుంది.”

ఆమె కర్ర అందుకుని వేళ్ళతో నిమిరింది.

“నున్నగా కుదిరిందన్నా. బోర్డు మీద అక్షరాలు చూపించడానికి పనికొస్తుంది. ఇంట్లో కూడా ఇక చెయ్యెత్తకండి. మీరు కొట్టిన మర్నాడు వాడికి వచ్చిన అక్షరం కూడా పోతోంది.”

హెడ్మాస్టర్ బల్ల చరిచాడు.

“చాలు మేడం! వాడికి టీసీ ఇచ్చి పంపేస్తున్నాను.”

“ఇవ్వండి. దాంతోపాటు నా రాజీనామా కూడా తీసుకోండి.”

“ఏమిటీ పంతం? ఆ పిల్ల తల్లి గురించి ఆలోచించారా? ఆవిడ మొహం ఎలా చూస్తారు?”

“రోజూ చూస్తూనే ఉన్నాను సార్.”

“ఏమంటోంది?”

“మొదట్లో వాడి నీడ కూడా తన మీద పడకూడదనుకుంది. ఇప్పుడు వాడు చదవాలంటోంది. తోసింది ఆటలోనే, పగతో కాదంటోంది. ఒక బిడ్డ పోయింది చాలు, భయంతో ఇంకో బిడ్డ మూగపోతే ఊరుకోనంటోంది.”

“ఏ తల్లీ అలా అనదు. ఇవన్నీ మీరు అల్లిన మాటలు. పిలిపించండి ఆవిణ్ణి. ఆవిడ నోటితో చెబితేనే నమ్ముతాను.”

వడ్రంగి గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

టీచర్ కర్ర చంకన పెట్టుకుని లేచింది.

“ఇంతసేపూ మీకు చెప్పింది ఆవిడే సార్.”