ధనుంజయరావు భయం

“ఏమే ఆరోగ్యమ్మా, నీ మెడలో శిలువ ఇట్టా ఇయ్యి!”

మా ఆసామి ధనుంజయరావు మాలపల్లెలో కాలు పెట్టడం పుట్టాక ఇదే మొదలు. నిన్న మాచర్ల డేరా హాల్లో ఇంగ్లీషు సినిమా చూశాడంట.

“ఏంది దొరా అంత భయం?”

“ఆ సినిమాలో బ్యాంకు దోచిన దొంగలు రక్తం తాగే పిశాచాల కొంపలో ఇరుక్కుంటారే! శిలువ ఉంటే అవి దగ్గరికి రావంట.”

మమ్మల్ని వణికించే మీసాలు వణుకుతుంటే నాకు నవ్వొచ్చింది. శిలువ తీసి చెయ్యి చాపాను.

ఆయన ఎగిరి వెనక్కి దూకాడు. “చేతికియ్యబాక, మైల! కింద పెట్టు, పసుపునీళ్ళు చల్లి తీసుకుంటా.”

“మరి శిలువ చూపిస్తే ఆ పిశాచాలు ఏం చేసినయ్ దొరా?”

“ముట్టుకోలేక ఎగిరి వెనక్కి దూకినయ్యే...”

అంటూ, తాను వెనక్కి దూకిన చోటు చూసుకున్నాడు.

శిలువ మళ్ళీ మెడలో వేసుకుని కలుపుకి బయల్దేరాను.