రెండు మైనస్‌లు

లెక్కల పరీక్ష మూడోసారీ తప్పాను. ఇంకొక్కసారి తప్పితే సైన్సు కాలేజీలో సీటు పోతుంది. పద్నాలుగేళ్లు ల్యాబులో గాజు సీసాలు కడిగినదాన్ని, మళ్లీ ఆ సింకు దగ్గరికే పోవాలి.

టైర్ల షాపు నుంచి అప్పుడే వచ్చిన మా అబ్బాయి ముందు ఆ పేపరు పడేశాను.

"చూడరా, ఎన్నిసార్లు రాసినా కొట్టేస్తున్నారు. నాదీ నీలాంటి మట్టిబుర్రేరా!"

మొదటి లెక్క, మైనస్ మూడు, మైనస్ నాలుగు కూడితే ఎంత అని. నేను ఏడు అని రాశాను.

"రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్సే కదరా?" అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

వాడు చేతుల గ్రీజు తుడుచుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"అది గుణిస్తేనమ్మా. ఇది కూడిక. మూడు మెట్లు కిందికి దిగావు, ఇంకో నాలుగు దిగావు. పైకెలా తేలతావ్?"

ఇంత తేలికా! నాకు ఒళ్లు మండింది.

"ఈ తెలివి బళ్లో ఏమైందిరా? ఏడో క్లాసులోనే చదువు మానేసి కూర్చున్నావు!"

వాడు పెన్సిలు తీసుకుని నా ఏడు ముందు చిన్న గీత గీశాడు. గీస్తూనే, ఎడమచేతి వేళ్లు ముడిచి బల్ల కిందికి లాక్కున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు వాడు ఇదే లెక్కకి ఇలాగే ఏడు ముందు గీత పెట్టి జవాబు రాశాడు. అది తప్పని, ఆ గీత చెరిపేసేదాకా ఆ వేళ్ల మీద స్కేలుతో కొట్టింది నేనే.