పదమూడు వందల ఏళ్ల మెట్లు

ఎలియాస్ ఈల ఊదాడు. ఆ పొద్దున అది పదకొండోసారి.

తాడు దాటి, గుడి మెట్ల మీద ఒక ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు.

"దిగు తాతా! ఎక్కొద్దని బోర్డు పెట్టింది కనబళ్లేదా?"

"ఎక్కట్లేదు నాయనా. చూస్తున్నా."

"కళ్లతో చూడు. చేతులెందుకు?"

ముసలాయన ఎడమ చెయ్యి మెట్ల పక్క సందులో ఉంది. బయటికి తీశాడు. దానికి చిటికెన వేలు లేదు.

"ఆకులూ మట్టీ పడి తూము పూడిపోయింది. వాననీళ్లు మెట్ల వెనక్కి దిగుతున్నాయి. పార ఉందా? గంటలో తీసేస్తా."

పెతేన్ అడవిలో, పూర్వం మాయా జాతివాళ్లు కట్టిన ఈ గుడికి ఎలియాస్ పందొమ్మిదేళ్లుగా కాపలా. రబ్బరు బూట్లలో పాదాలు ఉబ్బిపోయాయి. రోజంతా వద్దు అనీ అనీ, ఆ మాటకి ఇప్పుడు ఆలోచన అక్కర్లేదు. అలసటే జవాబు చెప్పేస్తుంది.

"పారా? రాయి కదిపితే నా ఉద్యోగం పోతుంది."

"కదపకపోతే మెట్లు పోతాయి."

"పదమూడు వందల ఏళ్ల మెట్లు తాతా! రాజులు కట్టించినవి. ఆనాటి చేతులే వేరు. రాయికీ రాయికీ మధ్య గడ్డిపోచ దూరదు. నాలుగు వేళ్లతో నువ్వు బాగుచేస్తావా?"

ముసలాయన ముఖం వెలిగింది. మెట్టు అంచు ఒకసారి నిమిరాడు.

"అంత బాగున్నాయా?"

"వచ్చినవాళ్లందరికీ ముందు ఇవే చూపిస్తా."

"అయితే ఆ ఆకులైనా తీయించు. మర్చిపోకు."

"సరేలే. పైవాళ్లకి చెప్తా."

కోబాన్ ఊరికెళ్లే బస్సు దారి పట్టాడు ముసలాయన. రెండుసార్లు ఆగి వెనక్కి చూశాడు.

ఒకసారి తూము చూద్దామనే అనుకున్నాడు ఎలియాస్. పాదాలు ఒప్పుకోలేదు. మొక్కజొన్న రొట్టెలు విప్పుకుని చెట్టు కింద చతికిలబడ్డాడు. తినేలోపు వాన దిగింది.

రెండు గంటలు ఎడతెగకుండా కురిసింది.

తర్వాత లోపలెక్కడో మూలిగినట్టు చప్పుడు. చెట్ల మీద కోతులు అరుపు ఆపేశాయి. మెట్ల నడుమభాగం కుంగి, మెల్లగా కిందికి జారిపోయింది.

బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

ఎలియాస్ బురదలోకి దిగాడు. ఒక మెట్టు రాయి బోర్లా పడి ఉంది. ఎవరికీ కనబడని దాని వెనకవైపు ఇంకా సున్నం అంటుకునే ఉంది. అందులో తుప్పు పట్టిన సోడా సీసా మూత ఒకటి.

పక్కనే, పచ్చిసున్నంలో ఎప్పుడో అదిమిన అరచేతి గుర్తు.

ఎలియాస్ తన ఎడమ చెయ్యి దాని మీద ఆనించాడు. నాలుగు వేళ్లూ గుంటల్లో ఒదిగాయి. చిటికెన వేలి కింద మాత్రం సున్నం నున్నగా తగిలింది.