వీపు మీద మసి

అడవి పెద్దగా ఎన్నికకు నిలబడ్డ ముసలి దుప్పికి పట్టుమని పది రోజులు తిరక్కుండానే ఓపిక అయిపోయింది. చెట్లను పొట్టన పెట్టుకుంటున్న ఎలుగుబంట్ల బొగ్గుబట్టీలను మూయిస్తానన్న ఒక్క మాట మీదే అది నిలబడింది.

ఏం మాట్లాడాలో నేర్పడానికి ఒక ముంగిస కుదిరింది. రోజూ పొద్దున్నే వచ్చి, "మూయిస్తాననకు పెద్దయ్యా, ఆలోచిస్తానను. ఎలుగులతో మనకెందుకు గొడవ?" అనేది. "గెలుపు మనదే!" అని వీపు తట్టి పోయేది. వాదించే ఓపిక లేక దుప్పి తలూపేది.

ఆఖరి సభలో దుప్పి, "బట్టీల సంగతి ఆలోచిస్తాను" అనగానే ముసలి కొంగ లేచింది.

"ఆలోచిద్దువు గానీ మావా, నీ వీపు మీద ఆ మసి ఎక్కడిది?"

దుప్పి మెడ తిప్పి చూసుకుంది. వీపు నిండా చిన్న చిన్న నల్లటి పంజా ముద్రలు, రోజుకొకటి.

కడుక్కుందామని ఏటికి నడిచింది. అక్కడ తన మీద పోటీకి నిలబడ్డ అడవిపంది అప్పటికే నీళ్లలో దిగి, వీపును బండకేసి రుద్దుకుంటోంది. దాని వీపు మీదా అవే ముద్రలు.

"పోవడం లేదన్నా," అంది పంది, కాస్త జరిగి చోటిస్తూ.